మూల మీది ఇరానీ హోటల్

సభకు నమస్కారం.

హైదరాబాదు పాత హోటళ్ల ప్రస్తావన వస్తే అందరూ బిర్యానీతో మొదలుపెడతారు. నాకు ముందు గుర్తొచ్చేవి కుర్చీలు. వంపు తిరిగిన నల్ల చెక్క కుర్చీలు, పాలరాతి పలక వేసిన బల్లలు. టీ పేరుతో ఇరానీ హోటళ్లు ఈ ఊరికి అమ్మింది కూర్చునే చోటు.

ఇరాన్‌లోని యజ్ద్ వైపు నుంచి బతుకుతెరువు కోసం బయలుదేరిన కుటుంబాలు ముంబయి, పుణె మీదుగా ఇక్కడికి చేరాయి. ఒకప్పుడు ఫార్సీ (పర్షియన్) రాజభాషగా వెలిగిన ఊరు కనుక మరీ పరాయిగా అనిపించి ఉండదు. ఆబిడ్స్‌లో, సికింద్రాబాదులో వీధి మూలల్లో హోటళ్లు పెట్టారు. వాస్తుకు మంచివి కావని ఇతర వర్తకులు వదిలేసిన మూలలు వాళ్లకు చవగ్గా దొరికాయని చెబుతారు. రెండు వైపులా గుమ్మాలు, రెండు వీధుల జనం. వాస్తు సంగతేమో కానీ, బేరానికి అంతకంటే మంచి చోటేముంది!

డికాక్షన్ ఒక పాత్రలో గంటల తరబడి మరిగేది, పాలు ఇంకోదానిలో చిక్కబడేవి. రెండూ కలిసేది కప్పులోనే. అడగకుండానే చిన్న ఉల్లిపాయ సమోసాలు, ఉస్మానియా బిస్కెట్లు ఉన్న ప్లేటు బల్ల మీదికొచ్చేది. తిన్నవాటికే డబ్బు. మనం లేవగానే సర్వరు ప్లేటు వైపు ఒక్క చూపు చూసి, మిగిలినవాటిని బట్టి లెక్కగట్టి, ఎంతయిందో గల్లా దగ్గరి యజమానికి వినిపించేలా కేకవేసేవాడు. చీటీ లేదు, పెన్సిల్ లేదు. మీ ఆకలి ఎంతటిదో హోటలంతటికీ తెలిసిపోయేది.

ఆ బిస్కెట్లు ఉస్మానియా ఆసుపత్రి రోగుల కోసం పుట్టాయని ఒక కథ, నిజాముకు ఇష్టమని ఇంకో కథ. ఎవరి హోటల్లో కూర్చుంటే వారి కథ నమ్మడం మర్యాద.

వన్ బై టూ చెప్పి పూటంతా గడిపేవారిని ఎవరూ లేవమనేవారు కాదు. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్లో మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు, పత్రికల వాళ్లు, విద్యార్థులు చేరేవారు. ఒక్క టీ మీద అంత చర్చ సాగనిచ్చిన యజమానులకు సాహిత్య చరిత్రలో ఓ పేరా అయినా దక్కాలి.

ఓరియంట్ ఇప్పుడు లేదు. అందరూ వద్దన్న మూల మీదే చివరికి అందరి కన్నూ పడింది. గజం ధర ముందు టీ ధర ఏపాటిది? పైగా తాత కూర్చున్న గల్లా మీద కూర్చునే ఓపిక చదువుకున్న మనవలకు లేకపోయింది. వాళ్లను తప్పుపట్టలేం. తెల్లవారకముందే పొయ్యి వెలిగించే బతుకు అది.

టీకి మాత్రం ఏ లోటూ రాలేదు. సాయంత్రం చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్ ముందు చూడండి, ఎంత జనమో! ఎక్కువమంది నిలబడే తాగుతారు, తాగి కదిలిపోతారు. రుచికి వంక పెట్టను. కవిత వినిపించడానికి మాత్రం అది చోటు కాదు.

వారసత్వ జాబితాల్లో గోడలకు చోటుంది, గల్లాకు లేదు. ఆ కుటుంబాల దగ్గర మిగిలిన ఫోటోలు, అద్దె కాగితాలు, ధరల పట్టికలు ఉంటే అడిగి నకళ్లు తీసుకుందాం. ముందుకొచ్చేవారు సభ ముగిశాక పేర్లివ్వండి.