ఫర్నేస్ వెలగడం లేదా? ముందు అది ఎక్కడ ఆగిందో చూడండి

అందరికీ నమస్కారం.

ఇంటిని వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ వెలగకపోతే చాలామంది ముందు చేసేది కొత్త ఇగ్నైటర్, అంటే గ్యాస్‌ను అంటించే భాగం, తెచ్చి బిగించడం. ఒక్కోసారి దాంతో పని జరుగుతుంది, అందుకే ఆ అలవాటు పోవడం లేదు. కానీ ఫర్నేస్ వరుస తప్పకుండా నడిచే యంత్రం. ఒక మెట్టు సరిగ్గా పూర్తయిందని కంట్రోల్ బోర్డుకు రూఢి అయితేనే తర్వాతి మెట్టు మొదలవుతుంది. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలియకుండా సామాను మార్చడం డబ్బు దండగ.

పని మొదలుపెట్టే ముందు ఒక మాట. గ్యాస్ వాసన వస్తుంటే ఏ పరీక్షా వద్దు. లైటు వేయకండి, వెలుగుతున్నది ఆర్పకండి. అందరూ బయటికి వచ్చేసి, దూరం నుంచి గ్యాస్ సరఫరా సంస్థకు ఫోన్ చేయండి.

ఇప్పుడు వరుస. గది వేడిని చూసుకునే థర్మోస్టాట్ వేడి అడుగుతుంది. పొగను బయటికి లాగే చిన్న ఫ్యాను, అంటే ఇండ్యూసర్, తిరగడం మొదలవుతుంది. ఆ లాగుడుకు ప్రెషర్ స్విచ్ మూసుకుంటుంది. ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది. గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. మంట వస్తుంది. మంట ఉందని ఫ్లేమ్ సెన్సర్ చెబుతుంది. ఆ తర్వాతే వెచ్చటి గాలిని ఇంట్లోకి తోసే పెద్ద బ్లోయర్. ఫర్నేస్ ముందు కూర్చుని ఒక్కసారి ఈ వరుసంతా చూడండి, చెవి పెట్టి వినండి. బోర్డు మీద మిణుకుమనే చిన్న లైటు ఎన్నిసార్లు వెలుగుతోందో లెక్కపెట్టండి. దాని అర్థం చాలా ఫర్నేసుల్లో తలుపు లోపలివైపు అంటించి ఉంటుంది.

అసలు చప్పుడే లేదంటే కరెంటు సంగతి చూడాలి. థర్మోస్టాట్ బ్యాటరీలు, బ్రేకర్, ఫర్నేస్ పక్కనుండే స్విచ్. తలుపు సరిగ్గా పడకపోయినా దాని వెనకున్న స్విచ్ నొక్కుకోక అంతా ఆగిపోతుంది. బోర్డు మీద 3 లేదా 5 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. కొత్తది వేయగానే మళ్లీ పోతే 24 వోల్టుల వైరు ఎక్కడో షార్టవుతోందన్నమాట.

ఇండ్యూసర్ తిరుగుతూనే ఉంది, ఇగ్నైటర్ మాత్రం కాలడం లేదు. అప్పుడు అనుమానం ప్రెషర్ స్విచ్ మీదికి పోతుంది. నిజానికి ఆ స్విచ్ చెడిపోవడం తక్కువ, అది నిజం చెప్పడమే ఎక్కువ. బయటి పొగగొట్టంలో మంచో, ఆకులో, పిట్టగూడో అడ్డుపడి ఉండొచ్చు. స్విచ్‌కు వెళ్లే రబ్బరు గొట్టం చిట్లి ఉండొచ్చు, దాంట్లో నీళ్లు నిలిచి ఉండొచ్చు. పొగలోని ఆవిరి నీరయ్యే హై ఎఫిషియెన్సీ రకాల్లో ఆ నీరు పోయే దారి పూడుకుపోవడం చాలా మామూలు. ఇవన్నీ సరిచేస్తే స్విచ్ తనంతట తానే మూసుకుంటుంది. స్విచ్ రెండు వైర్లనూ కలిపేసి నడిపించడం మాత్రం ఎప్పుడూ చేయకండి. పొగ బయటికి పోకపోయినా బర్నర్ వెలుగుతుంది. ఆ పొగలో ఉండగల విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు.

ఇగ్నైటర్ దగ్గరే ఆగిందా? కరెంటు ఆపి, ప్లగ్గు ఊడదీసి, మల్టీమీటర్‌తో నిరోధం చూడండి. సిలికాన్ కార్బైడ్ రకమైతే చల్లగా ఉన్నప్పుడు సుమారు 40 నుంచి 90 ఓమ్స్ రావాలి. సిలికాన్ నైట్రైడ్ రకాల్లో ఇంకా తక్కువ వస్తుంది. మీటర్ ఏమీ చూపకపోతే లోపల తెగినట్టే. కొత్తదాని కాలే భాగాన్ని వేళ్లతో ముట్టుకోకండి. చేతి జిడ్డు అంటిన చోట వేడి ఎక్కువై చిట్లుతుంది.

ఇగ్నైటర్ కాలుతున్నా మంట రాకపోతే గ్యాస్ కాక్ చూడండి. పిడి గొట్టం వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. అది తెరిచే ఉండి, వాల్వ్‌కు 24 వోల్టులు అందుతున్నా గ్యాస్ రాకపోతే అక్కడితో ఆపండి. గ్యాస్ పీడనం కొలవడానికి మానోమీటర్ కావాలి, అది టెక్నీషియన్ పని.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యేది: మంట వస్తుంది, కొన్ని సెకన్లకే ఆరిపోతుంది. రెండు మూడుసార్లు ప్రయత్నించి ఫర్నేస్ తనను తాను ఆపేసుకుంటుంది. ఇది ఎక్కువసార్లు ఫ్లేమ్ సెన్సర్ పనే. బర్నర్ల వరుస చివర, తెల్లటి పింగాణీలోంచి మంటలోకి చొచ్చుకొచ్చిన సన్నటి లోహపు కడ్డీ అది. దానికి ఒకే వైరు. మంట గుండా కరెంటు దాదాపు ఒక వైపుకే పారుతుంది కాబట్టి, ఏసీ ఇస్తే కొద్దిపాటి డీసీ తిరిగొస్తుంది. ఆ డీసీయే మంటకు సాక్ష్యం. సాధారణంగా 1 నుంచి 6 మైక్రో ఆంపియర్లు. కడ్డీ మీద కంటికి సరిగ్గా కనపడని పూత పేరుకున్నా ఆ కరెంటు తగ్గిపోతుంది. కరెంటు ఆపి, ఒక్క స్క్రూ విప్పి, కడ్డీని సన్నటి స్టీల్ ఊలుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. గరుకు కాగితం వద్దు, అది గీతలు పెడుతుంది. శుభ్రం చేసినా సిగ్నల్ రాకపోతే గ్రౌండ్ వైరు వదులైందేమో చూడండి. కరెంటు బర్నర్ గుండా గ్రౌండ్‌కు చేరాలి కదా.

చివరగా రోల్‌అవుట్ స్విచ్. బర్నర్ల దగ్గర చిన్న బటన్ ఉన్న స్విచ్ ఇది. మంట తన గదిలోంచి బయటికి తన్నుకొస్తే ఇది పడి, అంటే ట్రిప్ అయి, ఫర్నేస్‌ను ఆపేస్తుంది. అంటే పొగదారి మూసుకుపోయి ఉండొచ్చు, లేదా మంట వేడిని ఇంటి గాలికి అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ పూడుకుపోయో పగిలో ఉండొచ్చు. బటన్ నొక్కితే ఫర్నేస్ మళ్లీ వెలుగుతుంది, కానీ నొక్కకండి. గ్యాస్ కాక్ మూసేసి టెక్నీషియన్‌ను పిలవండి, ఏ స్విచ్ పడిందో ఫోన్‌లోనే చెప్పండి.