మంచు కురవని ఊళ్లో మంచు లెక్కలు

అందరికీ నమస్కారం.

మాదాపూర్ నుంచి పాశమైలారం దాకా మన ఊళ్లో ఉక్కు షెడ్లు డిజైన్ చేసే ఆఫీసులకు కొదవ లేదు. అక్కడ పనిచేసే కుర్రాళ్లను ఇప్పుడు చేతిలో ఏముందని అడిగి చూడండి. మిన్నెసోటాలో గోదాము, కొలరాడోలో దుకాణం, అంటారియోలో గుర్రాల శాల అంటారు. మంచును చేత్తో తాకి చూసినవాళ్లు మాత్రం వాళ్లలో బహు తక్కువ. అదేమీ తప్పు కాదు, పెద్ద భూకంపం చూడకుండానే భూకంప లెక్కలు కడుతున్నాం కదా. తేడా ఒక్కటే. చూడని భూకంపానికి మనం భయపడతాం. చూడని మంచుకు భయపడం, ఎందుకంటే మనకు తెలిసిన మంచు సినిమా పాటల్లో నాయిక భుజం మీద రాలి, ఆమె నవ్వేలోగా కరిగిపోయేది.

ఆ మంచు ఘనమీటరుకు వంద కిలోలు తూగుతుంది. అప్పుడే కురిసినప్పటి మాట అది. కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో అణిగాక రెండు వందలవుతుంది. వారాల తరబడి పేరుకున్నది రెండు వందల యాభై నుంచి మూడు వందల యాభై దాకా, నీరు పట్టినది నాలుగు వందల దాకా పోతుంది. యూరప్ దేశాల నిర్మాణ ప్రమాణం యూరోకోడ్ ఇచ్చే సగటు అంకెలివి. కాబట్టి మీటరు ఎత్తు మంచు అని ఎవరైనా చెబితే ముందు ఏ వయసు మంచు అని అడగాలి.

ఇక మన అలవాటు సంగతి. హైదరాబాద్‌లో మనుషులు ఎక్కని పైకప్పుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం చదరపు మీటరుకు 0.75 కిలోన్యూటన్ల లైవ్ లోడ్, అంటే వచ్చిపోయే బరువు, వేస్తాం. దాదాపు 76 కిలోలు. తర్వాత సెకనుకు 44 మీటర్ల గాలి తీసుకుంటాం. తేలిక షెడ్లలో ఆ గాలి పైకప్పును ఎగరేయకుండా చూసుకోవడమే మనకు పెద్ద పని. పైనుంచి పడే బరువు అంటే కప్పంతా సమానంగా పరుచుకున్న ఒకే అంకె అని చదువుకునే రోజుల నుంచీ మన బుర్రలో నాటుకుపోయింది. మంచు దగ్గర ఈ అలవాటే కొంప ముంచుతుంది. మంచు పడ్డచోట ఉండదు. గాలి దాన్ని ఎత్తుకుపోయి ఇంకోచోట దించుతుంది. ఎంత మంచు అన్నది సాఫ్ట్‌వేర్ చెప్పగలదు. ఎక్కడ అన్నది చాలాసార్లు మనమే దానికి చెప్పాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా దానికి ఉదాహరణలు.

ముందు సులువైన భాగం చూద్దాం. అమెరికా ప్రమాణం ఏఎస్‌సీఈ 7లో (ఇక్కడ చెప్పేది 2016 సంచిక, 7-16) లెక్క నేల మీది మంచుతో మొదలవుతుంది. ఆ ఊళ్లో నేల మీద పేరుకునే మంచు బరువును 0.7తో గుణించి, గాలికి ఎంత తెరిపిగా ఉందో చెప్పే గుణకం, లోపలి వేడిని చెప్పే గుణకం, భవనం ప్రాముఖ్యాన్ని చెప్పే గుణకం, వీటితో కూడా హెచ్చవేస్తే చదునైన పైకప్పు మీది బరువు వస్తుంది. యూరోకోడ్‌లోనూ, మన ఐఎస్ 875 నాలుగో భాగంలోనూ వాలు 30 డిగ్రీలు దాటని కప్పుకు 0.8 వాడతారు. ఆపైన తగ్గుతూ 60 డిగ్రీల దగ్గర సున్నా అవుతుంది. శ్రీనగర్, గుల్‌మర్గ్ వైపు వెళ్లినవారు ఇళ్ల మీద నిటారుగా ఉండే రేకు కప్పులు చూసే ఉంటారు. అక్కడి మేస్త్రీలకు ఈ సంగతి తెలియడానికి ఏ కోడూ అక్కర్లేకపోయింది. వేడి గుణకం కూడా సరదా అయినదే. లోపల వెచ్చగా ఉన్న భవనానికి 1.0, వేడి చేయని గోదాముకు 1.2, గడ్డకట్టే చలిలో ఉంచే కోల్డ్ స్టోరేజీకి 1.3. లోపలి చలి పైన మంచును కరగనివ్వదు. వ్యాపారి సరుకుతోపాటు కప్పు మీది మంచును కూడా భద్రంగా దాచుకుంటున్నాడన్నమాట.

ఇంతవరకు ఏ ప్రోగ్రామయినా కళ్లు మూసుకుని చేస్తుంది. అసలు కథ ఇక్కడి నుంచి.

ఒక లెక్క కట్టి చూపిస్తాను, కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి. నేల మీది మంచు 40 పీఎస్ఎఫ్ (చదరపు అడుగుకు 40 పౌండ్లు), అంటే చదరపు మీటరుకు 1.92 కిలోన్యూటన్లు. గుణకాలన్నీ 1.0 అనుకుందాం. చదునైన కప్పు మీద 28 పీఎస్ఎఫ్, మన కొలతల్లో 1.34 కిలోన్యూటన్లు వస్తుంది. గోదాము పొడవు 200 అడుగులు. దాని గోడకు ఆనుకుని, కప్పుకు నాలుగు మీటర్ల కింద, లారీలు ఆగేచోట ఒక క్యానోపీ, అంటే పందిరి లాంటి చిన్న కప్పు, ఉంది. గాలి గోదాము కప్పు మీదుగా క్యానోపీ వైపు వీస్తోంది. కల్లంలో తూర్పారబట్టేటప్పుడు పొట్టు ఎక్కడ పడుతుందో మీకు తెలుసు, గాలి వేగం చచ్చిన చోట. ఇక్కడ గాలి వేగం చచ్చేది గోడ దిగువన, క్యానోపీ మీద. రెండు వందల అడుగుల కప్పును ఊడ్చుకొచ్చిన మంచంతా అక్కడ మేట వేస్తుంది.

ఆ మేట ఎత్తుకు ఏఎస్‌సీఈ 7-16లో ఒక సూత్రం ఉంది. పై కప్పు పొడవుకు ఘనమూలం, నేల మంచుకు పది కలిపి దానికి నాలుగో మూలం, రెంటినీ గుణించి, 0.43తో హెచ్చవేసి, 1.5 తీసేయాలి. అంతా అడుగుల్లో, పీఎస్ఎఫ్‌లో. మన లెక్కకు 5.19 అడుగులు వస్తుంది, అంటే 1.58 మీటర్లు. మంచు సాంద్రతకు 40ని 0.13తో గుణించి 14 కలపాలి, ఘనపుటడుగుకు 19.2 పౌండ్లు. ఈ రెంటినీ గుణిస్తే గోడ దగ్గర మేట బరువొక్కటే దాదాపు 100 పీఎస్ఎఫ్. కింద ముందే పరుచుకుని ఉన్న 28 కలిపితే 128. చదరపు మీటరుకు 6.1 కిలోన్యూటన్లు, అంటే ఆరు వందల కిలోలకు పైమాటే! గోడ నుంచి దూరం జరిగేకొద్దీ తగ్గుతూ, ఎత్తుకు నాలుగింతల దూరంలో, అంటే 6.3 మీటర్ల దగ్గర మేట ముగుస్తుంది.

అదే ఊరు, అదే రాత్రి, అదే మంచు. పై కప్పు మీద 1.34. క్యానోపీ గోడ పక్కన 6.1. నాలుగున్నర రెట్లు. మన 0.75తో పోలిస్తే ఎనిమిది రెట్లు. నేల మీది మంచు ఎంతో తెలిసినంత మాత్రాన ఈ అంకె దొరకదని గమనించండి. పై కప్పు పొడవు తెలియాలి, గాలి ఎటు నుంచి రావచ్చో ఆలోచించాలి. ఎదురుగాలి వీచినా మేట పడుతుంది. అప్పుడు క్యానోపీ పొడవు తీసుకుని, వచ్చిన ఎత్తులో ముప్పాతిక వంతు వేయాలి. రెండు లెక్కల్లో పెద్దది మనది.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ దగ్గరికి వద్దాం. మంచు బరువును తానే తయారుచేసే సౌకర్యం స్టాడ్ అనే డిజైన్ ప్రోగ్రాములో ఉంది, షెడ్ల కోసమే రాసిన ప్రోగ్రాముల్లో ఇంకా బాగా ఉంది. నేను వాటికి వ్యతిరేకిని కాను. కానీ మన ఆఫీసుల్లో పని ఎలా సాగుతుంది? గోదాము ప్రధాన ఫ్రేము ఒక ఫైలు. క్యానోపీ చిన్నదని దాన్ని ఇంకో కుర్రాడికి ఇస్తారు, అది ఇంకో ఫైలు. ఆ రెండో ఫైలులో నాలుగు మీటర్ల గోడ లేదు, రెండు వందల అడుగుల కప్పు లేదు. ప్రోగ్రాముకు కనిపించేది మైదానంలో ఒంటరిగా నిలబడ్డ చిన్న పందిరి. 1.34 వేసి, మెంబర్లన్నీ, అంటే దూలాలూ స్తంభాలూ, పాసయ్యాయని పచ్చరంగు చూపిస్తుంది. అది అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి నిజమే చెప్పింది. ఆ పచ్చరంగును చూసి నిశ్చింతగా ఉండే చెకర్ మీద, అంటే లెక్కలు సరిచూడాల్సినవాడి మీద, మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది.

కంప్యూటర్ మీద గుడ్డి నమ్మకం మన తరం తెచ్చిన జబ్బేమీ కాదు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో 1978 జనవరి 18 తెల్లవారుజామున ఒక పెద్ద క్రీడా ప్రాంగణం పైకప్పు మంచు బరువుకు కూలింది. అంతకు కొన్ని గంటల ముందే దాదాపు ఐదు వేల మంది అందులో బాస్కెట్‌బాల్ ఆట చూసి ఇళ్లకు వెళ్లారు. 91 మీటర్ల వెడల్పు, 110 మీటర్ల పొడవున్న ఆ స్పేస్ ఫ్రేమును (కడ్డీలను అన్ని దిశల్లో అల్లి కట్టిన కప్పును) ఆ రోజుల్లోనే కంప్యూటర్‌తో విశ్లేషించారు. లెక్కలో పైవరుస కడ్డీలకు మధ్యలో పక్కదన్ను ఉన్నట్టు అనుకున్నారు, కట్టినప్పుడు ఆ దన్ను సరిగా లేదు. నిర్మాణం జరుగుతుండగా కప్పు లెక్కలో చెప్పినదానికి రెట్టింపు వంగిందని కొలిచి చెప్పారు కూడా. అది మామూలేనని కొట్టిపారేశారు. కూలిన రాత్రి కప్పు మీద ఉన్న బరువు డిజైన్ బరువు కంటే తక్కువే. 2006 జనవరి 28న పోలండ్‌లోని కతోవిత్సే ఎగ్జిబిషన్ హాలు కప్పు పావురాల ప్రదర్శన జరుగుతుండగా మంచు బరువుకు కూలి 65 మంది చనిపోయారు. ఇలాంటివి చదివినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చేది మన దగ్గర ఫైలు పేరు చివర ఉండే “ఫైనల్” అన్న మాట.

ఇంకొక ఉచ్చు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఇప్పుడు నడుస్తున్న వ్యవహారం. ఏఎస్‌సీఈ 7-16 దాకా మంచు బరువును బలం లెక్కలో 1.6తో గుణించేవారు. 2022 సంచిక 7-22 వచ్చాక నేల మీది మంచు అంకెలనే పెంచి, ప్రాముఖ్య గుణకాన్ని తీసేసి, ఆ 1.6ను 1.0 చేశారు. అంటే పెంచాల్సినదంతా అంకెలోనే పెంచేశారు. ఇప్పుడు వెబ్‌సైటులో ఊరి చిరునామా కొడితే కొత్త అంకె వస్తుంది. ఆఫీసులో పాత టెంప్లేటు తెరిస్తే 1.6 ఉంటుంది. రెండూ కలిస్తే ఒకే బరువును రెండుసార్లు పెంచినట్టయి, ఉక్కు ఊరికే పెరిగిపోయి కాంట్రాక్టు చేజారుతుంది. అది డబ్బు నష్టం. దీనికి తిరగబడ్డ జోడీ అసలు ప్రమాదం: పాత డ్రాయింగు నుంచి పాత అంకె తీసుకుని, కొత్త వెర్షన్ సాఫ్ట్‌వేర్‌లో 1.0తో నడపడం. దానికి ఏ హెచ్చరికా రాదు. ప్రోగ్రాము 40 అన్న అంకెను చూస్తుంది కానీ అది ఏ కోడు పుట్టించిన 40 అని అడగదు. అందుకని ప్రాజెక్టు మొదటి రోజే ఆ ఊళ్లో అమలులో ఉన్న కోడు సంవత్సరం కనుక్కోండి. అమెరికాలో ఒక్కో రాష్ట్రం ఒక్కో సంవత్సరంలో ఉంటుంది.

జెడ్ పర్లిన్ల గురించి, అంటే కప్పు రేకులను మోసే జెడ్ ఆకారపు అడ్డకడ్డీల గురించి, రెండు మాటలు. స్ప్లైస్ (అతుకు) దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కించి, వరుసగా అన్ని బేల (రెండు ఫ్రేముల మధ్య ఖాళీల) మీదుగా కొనసాగిస్తాం కాబట్టి ఒక బేలో బరువు తగ్గితే పక్క బేలో వంపు పెరుగుతుంది. ఒకచోట మంచు కరిగి జారిపోవచ్చు, ఇంకోచోట మిగలవచ్చు. కొన్ని స్పాన్లలో పూర్తి బరువు, మిగతా వాటిలో సగం వేసి చూడమని కోడు అందుకే అంటుంది. అన్ని స్పాన్లలో నిండు బరువు వేసి పెద్ద కేసు చూసేశామనుకుంటే కుదరదు. అలాగే రెండు వాలుల కప్పులో గాలికి ఒక వాలు ఖాళీ అయి రెండోది నిండే కేసు.

రేకు కప్పు నున్నగా ఉంటుంది, మంచు జారిపోతుంది అని బరువు తగ్గించుకునే వెసులుబాటు ఉంది. తీసుకునే ముందు ఆర్కిటెక్టుకు ఫోను చేయండి. చూరు కింద మనుషులు నడిచే దారి ఉంటే మంచు వాళ్ల నెత్తిన పడకుండా కప్పు మీద అడ్డుకడ్డీలు పెడతారు. అడ్డు పెట్టాక జారేది లేదు, మీ తగ్గింపు కూడా లేదు. పిట్టగోడల వెనుక మేట సంగతి వేరే చెప్పనక్కర్లేదు, గోడ ఉన్న ప్రతిచోటా అదే కథ.

అమెరికా భవన నియమావళి డ్రాయింగు మీద మంచు వివరాలు రాయమంటుంది: కప్పు బరువు, గుణకాలు, మేట బరువు, మేట వెడల్పు. మన డ్రాయింగుల్లో మొదటివి ఉంటాయి, చివరి రెండు చాలాసార్లు ఖాళీ. ఆ ఖాళీకి ఒక ఖరీదు ఉంది. పదేళ్ల తర్వాత యజమాని గోదామును ఆనుకుని ఇంకా ఎత్తయిన రెండో దశ కడతాడు. ఆనుకోకుండా ఆరు మీటర్ల లోపు దూరంలో కట్టినా మేట పాత కప్పు మీద పడుతుంది. కొత్త భవనం డిజైన్ చేసేవాడు తన కప్పు చూసుకుంటాడు. పాత కప్పు ఎంత మోయగలదో తెలియాలంటే అతనికి మిగిలింది మీ డ్రాయింగు ఒక్కటే. రెండో దశ ఆలోచన ఉందా అని యజమానిని ముందే అడిగి, ఉంటే ఆ చివరి రెండు బేలలో పర్లిన్ల ఎడం ఇప్పుడే తగ్గించండి. ఇప్పుడైతే అది నాలుగు పర్లిన్ల ఖర్చు. కప్పు వేశాక అయితే రేకులు విప్పాలి.

ఇక ప్రశ్నలు అడగండి. సొంత ప్రాజెక్టు గురించి అడిగేవాళ్లు దయచేసి సైట్ ప్లాన్ గీసి చూపించండి. ఎత్తయిన భవనం ఏ వైపు ఉందో తెలియకుండా నేను జవాబు చెప్పలేను.