ఒక్కో క్లయింట్‌కి ఒక్కో ప్రొఫైల్, ఒక్కో ప్రాక్సీ: సెట్టింగ్ మొదటి నుంచి

[తెర మీద: ఒకే ల్యాప్‌టాప్‌లో పక్కపక్కన మూడు బ్రౌజర్ విండోలు. ఒకదాని మీద పలాస జీడిపప్పు, ఇంకోదాని మీద పొందూరు ఖద్దరు, మూడోదాని మీద బొబ్బిలి వీణ.]

అందరికీ నమస్తే. శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ చిన్న డిజిటల్ మార్కెటింగ్ ఆఫీసు నడిపేవాళ్ల పని ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. పొద్దున్న జీడిపప్పు వ్యాపారి ఆన్‌లైన్ స్టోర్, మధ్యాహ్నం ఖద్దరు షాపు మెయిల్, సాయంత్రం వీణలు అమ్మేవాళ్ల అకౌంట్. అన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో, ఒకే నెట్ మీద. లాగౌట్, లాగిన్, మళ్లీ లాగౌట్. జీడిపప్పు ఆఫర్ పోస్టు పొరపాటున ఖద్దరు పేజీలో పడిందంటే ఆ రోజు ఫోన్ ఎత్తాలంటే భయమే.

ఈ తలనొప్పికి చాలామంది చెప్పే మందు యాంటీడిటెక్ట్ బ్రౌజర్. ప్రతి క్లయింట్‌కీ వేరే ప్రొఫైల్, ప్రతి ప్రొఫైల్‌కీ వేరే ప్రాక్సీ. ప్రాక్సీ అంటే మనకీ సైటుకీ మధ్య నిలబడే సర్వర్. సైటుకి మన ఐపీ, అంటే నెట్‌లో మన అడ్రస్, కాకుండా దాని ఐపీ కనిపిస్తుంది. ఈ వీడియోలో అది ఎలా సెట్ చేయాలో చూపిస్తాను. అంతకంటే ముందు, అసలు ఎవరికి అక్కర్లేదో చెబుతాను. డబ్బులు మిగులుతాయి.

[తెర మీద: మెటా బిజినెస్ సూట్‌లో మనుషుల్ని చేర్చే పేజీ.]

మీ పని క్లయింట్ల ఫేస్‌బుక్ పేజీలు, ఇన్‌స్టాగ్రామ్ చూసుకోవడమే అయితే ఇదేదీ వద్దు. వాళ్ల పాస్‌వర్డ్ కూడా అడగొద్దు. మెటా బిజినెస్ సూట్‌లో క్లయింటే మీకు పార్ట్‌నర్ యాక్సెస్ ఇవ్వొచ్చు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో మిమ్మల్ని మేనేజర్‌గా చేర్చొచ్చు. పని అయిపోయాక వాళ్లే తీసేస్తారు. ఇది అధికారికమైన దారి, పైగా ఉచితం.

ప్రకటన దుబాయ్‌లో ఎలా కనిపిస్తుందో చూడాలా? గూగుల్ యాడ్స్‌లోనే ప్రివ్యూ టూల్ ఉంది. దానికీ ప్రాక్సీ కొనక్కర్లేదు.

మరి ఎవరికి కావాలి? మేనేజర్ యాక్సెస్ ఇచ్చే సదుపాయం లేని సైట్లలో, క్లయింట్ అనుమతితో అతని లాగిన్ వాడాల్సిన వాళ్లకి. తమ స్టోర్ వేరే దేశం నుంచి తెరిస్తే ధర, డెలివరీ ఛార్జీ సరిగ్గా చూపిస్తోందో లేదో పరీక్షించే వాళ్లకి. ఇలాంటి పనులకి. దొంగ రివ్యూలు రాయడానికో, బ్యాన్ అయిన అకౌంట్‌ని మారుపేరుతో మళ్లీ తెరవడానికో అయితే ఈ వీడియో మీకు కాదు. ఫేస్‌బుక్ ఒక మనిషికి ఒక్క పర్సనల్ అకౌంటే ఒప్పుకుంటుంది. ఇంకొకరి పాస్‌వర్డ్‌ని మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సీ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. అందుకని క్లయింట్ అనుమతి నోటిమాటగా కాకుండా రాతలో ఉంచుకోండి. వాట్సాప్ మెసేజ్ అయినా సరే.

[తెర మీద: క్రోమ్‌లో కుడివైపు పైన ప్రొఫైల్ బొమ్మ.]

"క్రోమ్‌లోనే ప్రొఫైల్స్ ఉన్నాయి కదా, మళ్లీ ఇదేటి?" అని అడుగుతారు. ఉన్నాయి. కుకీలు (మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు), పాస్‌వర్డ్‌లు, హిస్టరీ క్రోమ్ వేరుచేస్తుంది. కానీ ప్రాక్సీ విషయానికొస్తే అది కంప్యూటర్ మొత్తానికి ఉన్న సెట్టింగునే తీసుకుంటుంది, ప్రొఫైల్‌కొకటి ఇవ్వదు. రెండో సంగతి ఫింగర్‌ప్రింట్. స్క్రీన్ సైజు, ఫాంట్లు, గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ కోర్లు, టైమ్‌జోన్, భాష... ఇవన్నీ కలిపి చూస్తే కుకీ లేకుండానే మీ బ్రౌజర్‌ని గుర్తుపట్టొచ్చు. 2010లోనే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్లు సుమారు 4,70,000 బ్రౌజర్లు పరిశీలిస్తే అందులో 83.6 శాతం దేనికదే ప్రత్యేకంగా తేలాయి. యాంటీడిటెక్ట్ బ్రౌజర్ చేసేది ఇదే: ప్రతి ప్రొఫైల్‌కీ వేరే కుకీలు, వేరే ఫింగర్‌ప్రింట్, వేరే ప్రాక్సీ.

క్లయింట్లు ఇద్దరో ముగ్గురో అయితే ఫైర్‌ఫాక్స్ చాలు అని నా అభిప్రాయం. అందులో ప్రతి ప్రొఫైల్‌కీ సొంత ప్రాక్సీ సెట్టింగ్ ఉంటుంది, పైసా ఖర్చు లేదు. ఫింగర్‌ప్రింట్ మాత్రం మారదు. మన పనికి చాలాసార్లు మారాల్సిన అవసరం కూడా లేదు.

[తెర మీద: ప్రాక్సీ రకాలు.]

ప్రాక్సీ కొనే ముందు రకాలు తెలియాలి. డేటాసెంటర్ ఐపీ చవక, వేగం ఎక్కువ, కానీ సర్వర్ కంపెనీదని సైటుకి ఇట్టే తెలిసిపోతుంది. రెసిడెన్షియల్ అంటే ఇళ్లలోని నెట్ కనెక్షన్ల ఐపీ, దీనికి సాధారణంగా జీబీ లెక్కన వసూలు చేస్తారు. మొబైల్ ప్రాక్సీ ఖరీదు. స్టాటిక్ రెసిడెన్షియల్ అంటే మారకుండా ఉండే ఐపీ, కొందరు ఐఎస్‌పీ ప్రాక్సీ అంటారు, నెలకి ఐపీకి ఇంత అని తీసుకుంటారు. లాగిన్ అయి ఉండే అకౌంట్‌కి నేనైతే దీన్నే తీసుకోమంటాను.

రొటేటింగ్ ప్రాక్సీ మాత్రం వద్దు. అది ఐపీని మారుస్తూ పోతుంది. పది గంటలకి జైపూర్‌లో ఉన్న మనిషి పదింపావుకి కొచ్చిలో తేలితే ఏ సైటైనా ఓటీపీ అడుగుతుంది, లేదా అకౌంట్ ఆపేస్తుంది. దొరక్కుండా ఉండాలని కొన్నదే మనల్ని పట్టిస్తుంది.

అమ్మేవాళ్ల లిస్టులో శ్రీకాకుళం, విజయనగరం కనిపించలేదని టెన్షన్ పడకండి. మన సొంత ఇంటి నెట్‌నే చాలాసార్లు ఐపీ సైట్లు హైదరాబాద్ అనో చెన్నై అనో చూపిస్తాయి. దేశం సరిపోతే చాలు.

[తెర మీద: న్యూ ప్రొఫైల్ పేజీ. కర్సర్ పేరు గడిలో.]

ఇక అసలు పని. యాంటీడిటెక్ట్ బ్రౌజర్లలో మల్టీలాగిన్, గోలాగిన్, ఇంకాగ్నిటన్... మీరు ఏది వాడినా గడుల పేర్లు కొంచెం అటూఇటూగా ఉంటాయి తప్ప వరస ఒకటే.

న్యూ ప్రొఫైల్ నొక్కండి. పేరు దగ్గర "ప్రొఫైల్ 1" అని వదిలేయకండి. క్లయింట్ పేరు, దేశం, ప్రాక్సీ గడువు తేదీ, మూడూ కలిపి రాయండి. ఆపరేటింగ్ సిస్టమ్ మీ కంప్యూటర్‌లో ఏది ఉంటే అదే ఎంచుకోండి. విండోస్ మిషన్ మీద కూర్చుని మ్యాక్ అని పెడితే ఫాంట్లు, గ్రాఫిక్స్ వేరే కథ చెబుతాయి.

తర్వాత ప్రాక్సీ గడి. కొన్నప్పుడు మీకు ఇలాంటి ఒక లైను వస్తుంది.

[తెర మీద పెద్ద అక్షరాల్లో: 203.0.113.45:8000:యూజర్‌నేమ్:పాస్‌వర్డ్]

మొదటిది ఐపీ అడ్రస్. కోలన్ తర్వాత పోర్ట్. ఆ తర్వాత యూజర్‌నేమ్, చివర పాస్‌వర్డ్. తెర మీద ఉన్న ఐపీ ఉదాహరణల కోసం కేటాయించిన వరసలోది, కొట్టి చూసినా పనిచేయదు. కొందరు ఇదే లైనుని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ముందు పెట్టి, మధ్యలో ఎట్ గుర్తుతో ఇస్తారు. బ్రౌజర్ ఏ వరసలో అడుగుతోందో చూసి వేయండి. పాస్‌వర్డ్‌లోనే కోలనో ఎట్ గుర్తో ఉంటే లైను మొత్తం ఒకేసారి పేస్ట్ చేయొద్దు, బ్రౌజర్ ఎక్కడ విడగొట్టాలో తెలియక తికమకపడుతుంది. ఒక్కో గడి విడిగా నింపండి. వాట్సాప్ నుంచి కాపీ చేస్తే చివర ఖాళీ స్పేస్ అతుక్కుని వస్తుంది, అదీ చూసుకోండి. కంటికి కనపడదు గానీ గంట తినేస్తుంది.

రకం దగ్గర హెచ్‌టీటీపీ, సాక్స్5 అని ఉంటాయి. అమ్మినవాడు ఏది చెబితే అది. పోర్ట్ ఒకదానిది, రకం ఇంకోదానిది పెడితే కనెక్ట్ కాదు. సాక్స్5 అంటే ఎన్‌క్రిప్షన్ అని కొందరు చెబుతారు, కాదు. మీ డేటాని కాపాడేది సైటుకి ఉన్న హెచ్‌టీటీపీఎస్. దానివల్ల మీరు ఏ సైటుకి వెళ్తున్నారో ప్రాక్సీ వాడికి తెలుస్తుంది కానీ లోపల ఏం టైప్ చేశారో తెలియదు. "మా సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేసుకోండి" అని ఏ ప్రాక్సీ వాడైనా అడిగితే అక్కడితో ఆపేయండి. అది పెట్టుకుంటే లోపలి సంగతీ వాడికి కనిపిస్తుంది.

ఇప్పుడు చెక్ ప్రాక్సీ నొక్కండి. పచ్చగా వచ్చి ఐపీ, దేశం చూపిస్తే బాగున్నట్టు.

[తెర మీద ఎర్రగా: 407.]

407 వస్తే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ దగ్గర తేడా ఉందని. టైమౌట్ అయితే ముందు పోర్ట్, రకం చూడండి.

మన దగ్గర ఎక్కువగా వచ్చే తిప్పలు వేరే ఉంది. కొందరు పాస్‌వర్డ్ బదులు వైట్‌లిస్ట్ పెడతారు. అంటే మీ ఆఫీసు నెట్ ఐపీని వాళ్ల డ్యాష్‌బోర్డ్‌లో రాసుకుంటే, ఆ ఐపీ నుంచి వచ్చేవాళ్లనే లోపలికి రానిస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. ఇక్కడ కరెంటు పోతుంది, రూటర్ ఆగుతుంది, ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తాం. ఐపీ మారిపోయింది, ఇక ప్రాక్సీ మనల్ని గుర్తుపట్టదు. పైగా మొబైల్ నెట్‌వర్క్‌లో సీజీనాట్ పద్ధతి వల్ల ఒకే ఐపీని ఎంతోమంది పంచుకుంటారు. అందులో ఒకదాన్ని వైట్‌లిస్ట్ చేస్తే మనతోపాటు ముక్కూమొహం తెలియని వాళ్లకీ తలుపు తీసినట్టే. మీకు స్టాటిక్ ఐపీ ఉన్న కనెక్షన్ లేకపోతే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పద్ధతే అడగండి.

[తెర మీద: అడ్వాన్స్‌డ్ ట్యాబ్.]

ప్రాక్సీ పచ్చగా వచ్చింది కదా అని ఇక్కడితో లేచిపోయేవాళ్లే ఎక్కువ. ప్రాక్సీ మార్చేది ఐపీని ఒక్కదాన్నే. గుంటూరు నాది అని చెప్పి "ఏటి సేస్తన్నావ్" అని పలకరిస్తే అవతలివాడు నవ్వుకోడా? బ్రౌజర్ కూడా అలాగే యాసలో దొరికిపోతుంది.

జీడిపప్పు స్టోర్ దుబాయ్‌లో ఎలా కనిపిస్తుందో పరీక్షిస్తున్నాం అనుకోండి. ఐపీ దుబాయ్‌ది. టైమ్‌జోన్ ఇంకా కోల్‌కతా అనే ఉంటే, గంటన్నర తేడాతో పేజీకి అసలు సంగతి తెలుస్తుంది. ఆ గంటన్నర వల్ల మీ పరీక్షే తప్పవుతుంది. స్టోర్ సాఫ్ట్‌వేర్ దేన్ని నమ్మి ధర చూపించిందో మీకు అర్థం కాదు. అందుకని టైమ్‌జోన్, లొకేషన్ రెండూ "ఐపీని బట్టి" అన్న ఆప్షన్‌లో పెట్టండి. భాషని మాత్రం ఆలోచించి పెట్టండి. మీ కొనుగోలుదారు దుబాయ్‌లో ఉన్న తెలుగువాడైతే అతని ఫోన్ ఇంగ్లీషులో ఉంటుంది గానీ అరబ్బీలో ఉండదు.

తర్వాత వెబ్ఆర్‌టీసీ. వీడియో కాల్స్ కోసం బ్రౌజర్‌లో ఉండే ఏర్పాటు ఇది. యూడీపీ అనే డేటా పంపే పద్ధతి మీద నడుస్తుంది, హెచ్‌టీటీపీ ప్రాక్సీ యూడీపీని మోయలేదు. దాంతో ప్రాక్సీని పక్కన పెట్టి నేరుగా మన నెట్ మీద బయటికి వెళ్లి అసలు ఐపీని చూపించేస్తుంది. ప్రొఫైల్‌లో ప్రాక్సీ ఐపీనే చూపించే ఆప్షన్ ఎంచుకోండి. పూర్తిగా ఆపేయడమూ కుదురుతుంది, కానీ ఆ ప్రొఫైల్‌లో గూగుల్ మీట్ పనిచేయదు.

ఐపీవీ6 ఇంకొకటి. ఇది కొత్త రకం ఐపీ అడ్రస్, పాతది ఐపీవీ4. జియో లాంటి నెట్‌వర్క్‌లలో ఫోన్‌కి ఐపీవీ6 అడ్రస్ కూడా వస్తుంది. ప్రాక్సీ ఐపీవీ4 మాత్రమే అయితే, పక్కదారిన ఆ ఐపీవీ6 అడ్రస్ బయటపడే అవకాశం ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో సాక్స్5 పెట్టినవాళ్లు డీఎన్ఎస్ (సైటు పేరుకి ఐపీ వెతికే పని) కూడా ప్రాక్సీ ద్వారానే పంపమనే టిక్ ఉందో లేదో చూసుకోండి.

ఏ అకౌంట్‌లోనూ లాగిన్ కాకముందే ఆ ప్రొఫైల్‌లోంచి ఐపీ, డీఎన్ఎస్, వెబ్ఆర్‌టీసీ లీక్ చూపించే సైటు ఒకటి తెరవండి. అక్కడ మీ ఇంటర్నెట్ కంపెనీ పేరు ఎక్కడా కనపడకూడదు. కనపడిందంటే పైనున్న వాటిలో ఏదో ఒకటి వదిలేశారు. సరిచేసి మళ్లీ చూసి, అప్పుడు లాగిన్ అవ్వండి.

[తెర మీద: "ఫ్రీ ప్రాక్సీ లిస్ట్" అని వెతికిన పేజీ, దాని మీద అడ్డగీత.]

ఫ్రీ ప్రాక్సీల జోలికి పోకండి. 2024 మేలో అమెరికా న్యాయశాఖ 911 ఎస్5 అనే ప్రాక్సీ సర్వీసుని మూయించింది. ఫ్రీ వీపీఎన్ యాప్‌లు వేసుకున్న జనం కంప్యూటర్లే అందులో ప్రాక్సీలు. దాదాపు 200 దేశాల్లో 1.9 కోట్ల ఐపీ అడ్రస్‌లు, సొంతదారులకి తెలియకుండానే నేరగాళ్లకి అద్దెకి వెళ్లాయి. రెసిడెన్షియల్ ప్రాక్సీ మరీ చవగ్గా దొరికితే, ఆ ఐపీ ఎవరి ఇంటిది, వాళ్ల ఒప్పుకోలు ఉందా అని అమ్మేవాణ్ణి అడగండి. జవాబు నసిగితే వదిలేయండి.

బ్రౌజర్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. 2025 జనవరిలో యాడ్స్‌పవర్ అనే యాంటీడిటెక్ట్ బ్రౌజర్ మీద దాడి జరిగి, దాని ద్వారా వచ్చిన క్రిప్టో వాలెట్ ఎక్స్‌టెన్షన్లలోకి హానికరమైన కోడ్ చేరింది. వాలెట్లు ఖాళీ అయ్యాయి. మీ బ్యాంకు, మీ క్లయింట్ బ్యాంకు, యూపీఐ, జీఎస్టీ పోర్టల్... వీటిని ఏ ప్రాక్సీ ప్రొఫైల్‌లోనూ తెరవొద్దు. వాటికి మామూలు బ్రౌజర్, మామూలు నెట్.

జీబీ లెక్క ప్రాక్సీ వాడుతుంటే వీడియో ఆటోప్లే ఆపేయండి. ఒక పక్క రీల్స్ ఆడుతూ ఉంటే టీ తాగి వచ్చేసరికి ప్యాక్ సగం అయిపోతుంది.

[తెర మీద: ప్రొఫైల్ లిస్టు. ఒక వరస మీద డిలీట్ గుర్తు.]

క్లయింట్ మారిపోయినప్పుడు చేయాల్సింది కూడా చెప్పేస్తాను, దీన్ని ఎవరూ చూపించరు. ముందు ఆ ప్రొఫైల్ తెరిచి అన్ని అకౌంట్ల నుంచి లాగౌట్ అవ్వండి. క్లయింట్‌ని పాస్‌వర్డ్ మార్చుకోమనండి, "అన్ని డివైజ్‌ల నుంచి సైనౌట్" కూడా కొట్టమనండి. తర్వాతే ప్రొఫైల్ డిలీట్. క్లౌడ్‌లో సింక్ అయ్యే బ్రౌజర్ అయితే ట్రాష్‌లోంచి కూడా తీసేయండి. ఆ ప్రాక్సీని కొత్త క్లయింట్‌కి తగిలించకండి, పాత అకౌంట్ చరిత్ర ఆ ఐపీతోనే ఉంటుంది. అమ్మినవాడి దగ్గర ఆ ఐపీని వదిలేసి, ఆటో రెన్యూవల్ ఆఫ్ చేయండి. లేకపోతే వచ్చే నెల కూడా కార్డులోంచి డబ్బులు కట్ అవుతాయి.