చేను మీద బేరమా? ముందు కంకులు లెక్కపెట్టండి

వ్యాఖ్యాత: నమస్కారం. కోతకు ముందే మొక్కజొన్న దిగుబడిని ఎలా అంచనా వేయాలో చెప్పడానికి వ్యవసాయ శాస్త్రవేత్త మనతో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. చెప్పండి, ఎక్కడి నుంచి?

రైతు: తెనాలి దగ్గర నుంచండి. వరి కోశాక దున్నకుండా జీరో టిల్లేజ్‌లో మూడెకరాలు వేశాం. కౌలు చేనండి. ఒక వ్యాపారి వచ్చి చేను మీదే బేరం అడుగుతున్నాడు. ఎకరానికి 25 క్వింటాళ్లు దాటవంటాడు. మా ఇంట్లో వాళ్లేమో 40 వస్తాయంటున్నారు. ఒకటే టెన్షన్‌గా ఉందండి.

శాస్త్రవేత్త: అప్పుడే మాటివ్వకండి. సాళ్ల మధ్య ఎంత దూరం పెట్టారు?

రైతు: రెండడుగులండి.

శాస్త్రవేత్త: అయితే ఒక సాలు వెంట 21 అడుగుల 9 అంగుళాలు టేపుతో కొలవండి. అది ఎకరంలో వెయ్యో వంతు. అందులో గింజ పట్టిన కంకులు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. తర్వాత ప్రతి ఐదో కంకినీ తొక్క ఒలిచి చూడండి. మంచిది ఏరుకోవద్దు. ఐదోది కత్తెర పురుగు తిన్నదైనా సరే, దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. గట్టు పక్కన ఏపుగా ఉన్న కంకి చూసి చేనంతా అంతేననుకుంటాం, అంచనా తప్పేది అక్కడే. గట్టు పక్క సాళ్లు వదిలేసి, నీళ్లు నిలిచిన పల్లంతో సహా ఎకరానికి ఐదు చోట్లయినా చూసి సగటు తీయండి.

రైతు: కంకిలో ఏం చూడాలండీ?

శాస్త్రవేత్త: చుట్టూ ఎన్ని వరుసలున్నాయో, ఒక్కో వరుసలో ఎన్ని గింజలున్నాయో చూడండి. వరుసలు మామూలుగా 12, 14, 16 ఇలా సరిసంఖ్యలోనే ఉంటాయి. 13 వచ్చిందంటే మళ్లీ లెక్కపెట్టండి. కొనలో నిండని గింజలు వదిలేయండి. 28 కంకులు, 14 వరుసలు, వరుసకు 30 గింజలు అనుకుందాం. మూడూ గుణిస్తే 11,760. దాన్ని వంద గింజల బరువుతో గుణించి 100తో భాగిస్తే ఎకరానికి ఎన్ని కిలోలో వస్తుంది. బరువు 28 గ్రాములైతే దాదాపు 33 క్వింటాళ్లు.

రైతు: గింజ ఇంకా పాల మీదే ఉందండి. బరువెలా తెలుస్తుంది?

శాస్త్రవేత్త: అసలు చిక్కు అదే. ఇప్పుడు గింజలు ఎన్నో తెలుస్తుంది గానీ ఎంత ఊరతాయో తెలియదు. ఇదే చేను 24 గ్రాములైతే 28 క్వింటాళ్లు, 30 అయితే 35. ఈ దశలో ఒక్క తడి తప్పినా గింజ తేలిపోతుంది, నీళ్లు ఆపొద్దు. గింజను బెండు నుంచి ఊడదీస్తే అడుగున నల్ల చార కనబడాలి. కనబడిందంటే ఇక బరువు పెరగదు. అప్పుడు కొన్ని కంకులు ఒలిచి, బాగా ఎండబెట్టి, వంద గింజలు బంగారం కొట్టు కాటా మీద తూయించండి. ఆ వ్యాపారిని కూడా చేలోకి పిలిచి, మీతోపాటు లెక్కపెట్టమనండి. అంతవరకూ అడ్వాన్సు పుచ్చుకోవద్దు, కౌలు రైతుకి ఒక్క క్వింటా తేడా కూడా చిన్నది కాదు.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ ఖమ్మం నుంచి. చెప్పండమ్మా.

మహిళా రైతు: సార్, పోయినసారి కాటా దగ్గర తేమ ఉందని ధర తగ్గించిన్రు. ఎంత తగ్గాలో మాకెట్ల తెలుస్తది?

శాస్త్రవేత్త: తేమ 25 శాతం ఉన్న 100 కిలోల గింజ, 14 శాతానికి ఆరేసరికి 87 కిలోలవుతుందమ్మా. 2025-26కి మద్దతు ధర క్వింటాకు 2,400 రూపాయలు, అది 14 శాతం తేమ గింజకు. ఆ లెక్కన 25 శాతం తేమతో అమ్మితే క్వింటాకు దాదాపు 2,090 రావాలి. అంతకన్నా బాగా తక్కువ అడిగితే, మబ్బు లేకపోతే, కల్లంలో ఆరబెట్టాకే అమ్మండి. వెళ్లేముందు తేమ మీటరుతో చూపించుకోండి.

మహిళా రైతు: టార్పాలిన్లు ఉన్నయి సార్. ఆరబెడతం.