దుమ్ము పుట్టే చోటే నీళ్లు

శ్రోతలకు నమస్కారం.

తెల్లారి వాకిలి ఊడ్చే ముందు మన ఇళ్లలో ఏం చేస్తారు? నీళ్లు చల్లుతారు. దుమ్ము లేవకూడదని. ఈ ఒక్క పని మనసులో పెట్టుకొని, రాళ్లు చెక్కేవాళ్ల గురించి నాలుగు మాటలు వినండి.

తిరుపతిలో దేవస్థానం వారి శిల్పకళాశాల ఉంది, ఊరి శివార్లలో చిన్న చిన్న శిల్పశాలలూ ఉన్నాయి. మొన్న అలాంటి ఒక షెడ్డుకు వెళ్లాను. బూడిదరంగు గ్రానైట్‌తో గుడి స్తంభం తయారవుతోంది. కుర్రవాడు గ్రైండర్ ఆన్ చేశాడు. క్షణంలో మనిషి కనపడలేదు. తెల్లటి పొగలాగా దుమ్ము! ముఖానికి తువ్వాలు చుట్టుకొని ఉన్నాడు, అంతే.

పక్కనే కూర్చున్న పెద్దాయన అన్నారు: "ఉలి పట్టినన్నాళ్లు రాయి పెచ్చులుగా ఊడి కిందపడేది నైనా. ఇప్పుడు పొగైపోయి ముక్కులోకి వస్తా ఉంది."

ఎంత సరిగ్గా చెప్పారో! గ్రానైట్‌లో పలుగురాయి ఉంటుంది. మిషన్ దాన్ని కంటికి ఆనని పొడి చేస్తుంది. కనపడే దుమ్ము కిందకు దిగిపోతుంది. కనపడనిదే ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. అక్కడ మచ్చకడుతుంది. దాని పేరు సిలికోసిస్. ఏళ్ల తరబడి చప్పుడు చేయదు, తర్వాత నాలుగు మెట్లెక్కితే ఆయాసం. క్షయ కూడా తేలిగ్గా సోకుతుంది. పాడైన ఊపిరితిత్తిని మళ్లీ బాగుచేసే మందు లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే దీన్ని డాక్టరు తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల్లో చేర్చింది. కానీ నలుగురైదుగురు పనిచేసే షెడ్డుదాకా ఆ చట్టం చేయి చాచలేదు. అదే నా బాధ.

తువ్వాలు ఆ సన్నపొడిని ఆపదు. మంచి మాస్కు ఆపుతుంది, ముఖానికి సరిగ్గా అతుక్కుంటేనే. మన ఎండల్లో ఎంతసేపు పెట్టుకుంటారు చెప్పండి? మాస్కు వద్దనడం లేదు. అది ఆఖరి అడ్డు అంటున్నాను. మొదటి అడ్డు దుమ్ము పుట్టే చోటే ఉండాలి. బ్లేడు రాయిని తాకే చోట నీళ్లు పడాలి. రాయి తడిస్తే పొడి బురదై జారిపోతుంది, గాల్లోకి లేవదు.

ఇక్కడొక జాగ్రత్త. మామూలు కరెంటు గ్రైండర్ మీద నీళ్లు పోయకండి, ప్రాణం పోతుంది. నీళ్ల పైపుతోనే వచ్చే మిషన్లున్నాయి, గాలి ఒత్తిడితో నడిచేవీ ఉన్నాయి. కరెంటుదైతే, లీకేజీ వస్తే వెంటనే లైన్ తెగ్గొట్టే స్విచ్చి ఉండి తీరాలి. నీళ్లు కుదరని చోట, బ్లేడు చుట్టూ డొప్ప పెట్టి దుమ్మును అక్కడే పీల్చేసే వాక్యూమ్ బిగించవచ్చు. షెడ్డు యజమానులారా, ఖర్చే, కాదనను. కుర్రవాడి ఊపిరి అంతకంటే చవకా?

సాయంత్రం పని ముగిశాక కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవద్దు. ఆ బట్టలతో ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకోవద్దు. షెడ్డును పొడిగా ఊడ్చవద్దు. నేను బయల్దేరేసరికి ఆ పెద్దాయన కోడలు బక్కెట్టుతో నీళ్లు తెచ్చి, నేలంతా చల్లి, అప్పుడు చీపురు పట్టింది. ఎవరూ చెప్పలేదు, వాకిట్లో అలవాటే.