షుగర్ ఉన్నోళ్ల చెవిల ఫంగస్: హన్మకొండ స్టూడియోల చర్చ

యాంకర్: నమస్తే. ఇయ్యాల చెవి ముచ్చట. ఈఎన్‌టీ డాక్టర్ మేడం ఉన్నరు, పరకాల దిక్కు నుంచి ఒక అన్న వచ్చిండు, వాళ్ల నాయనకే అయింది. అన్నా, మీరే షురూ చేయండి.

పరకాల అన్న: మా నాయనకు షుగర్ పదిహేనేండ్ల సంది ఉన్నది. చెవుల దురద అని బైక్ తాళంచెవితోని గెలుక్కునేటోడు, అమ్మ ఎల్లిపాయ వేసి నూనె కాగబెట్టి పోసింది, తర్వాత చుక్కల మందు, సూదులు, నెల దాటినా మందులు మార్చుడే గానీ తగ్గుడు లేదు, రాత్రయితే నొప్పికి పండలేక గోడకు ఒరిగి కూసునేటోడు, ఒకరోజు చాయ్ తాగుతుంటే మూతి పక్కకెల్లి కారింది, పక్షవాతం అని ఉరికినం.

డాక్టర్: మూతిని కదిలిచ్చే నరం చెవి ఎముకలకెల్లే పోతదన్నా. ఇన్ఫెక్షన్ ఎముకకు పట్టింది. దీన్ని మాలిగ్నెంట్ ఓటైటిస్ ఎక్స్‌టర్నా అంటం, 1968ల చాండ్లర్ అనే డాక్టర్ పెట్టిన పేరు, పేరుల మాలిగ్నెంట్ అని ఉన్నా క్యాన్సర్ మాత్రం కాదు. ఎక్కువమందికి సూడోమోనాస్ అనే బాక్టీరియాతోనే వస్తది, అందుకే ముందు దానికే మందిస్తరు, అది తప్పు కాదు. తగ్గకపోయినా ఇంకో యాంటీబయాటిక్, ఆ తర్వాత ఇంకోటి, గదే తప్పు. ఫంగస్ వాటికి చావదు.

యాంకర్: వానాకాలం మస్తుమందికి చెవుల ఫంగస్ వస్తది కదా మేడం, నాకూ వచ్చింది.

డాక్టర్: అది పైపైన, తడిసిన పేపర్ మీద నల్లచుక్కల లెక్క కనిపిస్తది, క్లీన్ చేసి చుక్కలేస్తే పోతది. షుగర్ కంట్రోల్ లేనోళ్లు, కీమో నడుస్తున్నోళ్లు, కిడ్నీ మార్పిడి అయినోళ్లు, హెచ్‌ఐవీ ముదిరినోళ్లు, వీళ్లల్ల అదే ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ ఎముకలకు దిగొచ్చు.

యాంకర్: 2021ల బ్లాక్ ఫంగస్ అన్నరు, అదేనా?

డాక్టర్: కాదు, అది మ్యూకర్ అనే వేరే ఫంగస్, ఎక్కువ ముక్కుకెల్లి కంటికి పోయేది.

పరకాల అన్న: మాకు ఫస్ట్ దూదితోని చీము తీసి పంపిన్రు, ఏం రాలేదు. లోపలికెల్లి కండ ముక్క తీసి టెస్ట్ చేసినంకనే ఫంగస్ అని తేలింది.

డాక్టర్: ముక్క తీస్తే క్యాన్సర్ ఉందా లేదా అన్నది గూడ తెలుస్తది. సీటీ చేస్తే ఎముక ఎంత తిన్నదో కనబడతది. ఫంగస్‌ను చంపే వొరికొనజోల్ గోలీలు నెలల తరబడి వాడాలె, మధ్యల లివర్ టెస్టులు, ఎండల ఎక్కువ తిరగొద్దు. నొప్పి పోయిందని మధ్యల ఆపితే మళ్ల తిరగబెడతది. పెద్దాయన షుగర్ ఇప్పుడెంతున్నది?

పరకాల అన్న: మిషిన్ ఉన్నది మేడం, స్ట్రిప్పులు అయిపోయినయ్.

డాక్టర్: పోయేటప్పుడే కొనుక్కపోండి.