ఓటు లేని వీధిలో ప్రచారం

శ్రోతలకు నమస్కారం.

ఎన్నికల ప్రచారం అనగానే జీపులు, మైకులు, బిర్యానీ పొట్లాలు, కూలీ ఇచ్చి తోలుకొచ్చిన జనం గుర్తొస్తారు. నేను చెప్పబోయేది మాత్రం కూలీ పోగొట్టుకుని ప్రచారం చేసిన మనిషి గురించి. మా మేనత్త. షోలాపూర్‌లో బీడీలు చుట్టేది.

షోలాపూర్ మహారాష్ట్రలో ఉంది గానీ, ఆ ఊరి తూర్పు వైపు, పూర్వభాగ్ అనే ప్రాంతంలో నడుస్తుంటే మన మాటే చెవిన పడుతుంది. తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందట బతకపోయిన పద్మశాలీలు అక్కడ వేలల్లో ఉన్నారు. మగవాళ్లు పవర్‌లూమ్‌ల మీద దుప్పట్లు, తువ్వాళ్లు నేస్తారు. ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడతారు.

ఆ పని చూడ్డానికి తేలిక. తడిపిన తునికాకును కొలతకు కత్తిరించాలి, చిటికెడు తంబాకు వేసి చుట్టాలి, కొన మడిచి దారం కట్టాలి. 25 బీడీలు ఒక కట్ట. 40 కట్టలైతే వెయ్యి. కూలీ లెక్క ఆ వెయ్యి మీదే. కార్ఖానాలో బాగా లేవని పక్కన పడేసిన వాటికి పైసా రాదు. మా అత్త బొటనవేలి మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. ఎక్కడైనా వేలిముద్ర వేయమంటే నవ్వేది.

ఇంట్లో కూర్చుని చేసేవాళ్లను కూడా కార్మికులుగా గుర్తించిన బీడీ కార్మికుల చట్టం 1966లో వచ్చింది. చట్టం వచ్చింది కదా అని గుర్తింపు కార్డు, పీఎఫ్ నడిచి గుమ్మంలోకి రాలేదు. వాటి కోసం ఈ ఆడవాళ్లు ఊరేగింపులు తీశారు, ధర్నాలు చేశారు. వాళ్లతో కలిసి నడిచిన యూనియన్ నాయకుడు నరసయ్య ఆడం. ఊరందరికీ ఆడం మాస్తర్. సీపీఎం తరఫున 1978లో, 1995లో, 2004లో ఎమ్మెల్యేగా గెలిచాడు. ఎవరికి ఓటేయాలో చెప్పడానికి కాదు ఈ ప్రసంగం, రేడియోలో అది కుదరదు కూడా. నాకు ఆసక్తి ఆయన వెనక ఓటరు చీటీలు పట్టుకుని తిరిగిన ఆడవాళ్ల మీద.

2004 అక్టోబరులో నేను ఇంటర్ చదువుతున్నాను. కాలేజీకి డుమ్మా కొట్టి అత్త దగ్గరికి వెళ్లాను. ఆమె ఒళ్లో చాట, పక్కన ఓటరు జాబితా. తెల్లవారుజామున నాలుగింటికి లేచి కట్టలు కట్టి, పదింటికల్లా వీధిలోకి దిగేది. ఒక పూట తిరిగితే అయిదు వందల బీడీలు తగ్గినట్టే. ఆ లోటు రాత్రి లైటు కింద పూడ్చుకునేది. నేను సాయం చేయబోతే, "నువ్వు చుడితే కార్ఖానల తీస్కోరు కోడలా, నువ్వు చీటీలు రాయి" అంది.

ఓటరు చీటీ తెల్ల కాగితం మీదే ఉండాలి, దాని మీద గుర్తు, అభ్యర్థి పేరు ఉండకూడదు, పార్టీ బల్ల పోలింగ్ కేంద్రానికి 200 మీటర్ల అవతల వేసుకోవాలి. ఇవన్నీ నాకు సివిక్స్ పుస్తకం నేర్పలేదు, బడికి వెళ్లని మా అత్త నేర్పింది.

ఆమె ఏ గుమ్మం దగ్గరా "ఓటెయ్యండి" అని మొదలుపెట్టగా నేను వినలేదు. "నీ పీఎఫ్ పుస్తకం ఏది, మొన్నటిదాకా నింపిన్రా?" అని అడిగేది. పుస్తకం తెప్పించి నాతో చదివించేది. ఒక ఇంట్లో పేరే తప్పు పడింది. అక్కడే ముప్పావుగంట పోయింది. టెన్షన్ పడి, "ఇంకా నలభై ఇళ్లున్నాయి అత్తా" అన్నాను. "ఉండనీ" అంది. ఆ ఇంటి ఓటు ఎటు పడిందో నాకు తెలియదు. ఆ పేరు మాత్రం సరిదిద్దించింది, ఎన్నికలైపోయిన మూడు నెలలకు.

ఆ ఏడు ఆడం మాస్తర్ గెలిచాడు. అప్పటికే ఆ ఆడవాళ్ల సహకార సంఘం సొంత ఇళ్ల కోసం ఏళ్ల తరబడి కొట్లాడుతోంది. వంట, పిల్లల నిద్ర, తంబాకు దుమ్ము, అన్నీ ఒకే అద్దె గదిలో ఉంటే ఇల్లు అడగడం గొంతెమ్మ కోరిక కాదు కదా. ఖర్చులో కొంత కేంద్రం, కొంత రాష్ట్రం, మిగతాది వాళ్లు కూడబెట్టుకున్న డబ్బు. నగరం బయట కుంభారి దగ్గర 10,000 ఇళ్లు లేచాయి. థానే జిల్లా వార్లీ ఆదివాసీల పోరాటాన్ని నడిపిన గోదావరి పరులేకర్ పేరు ఆ కాలనీకి పెట్టారు. 2006లో తాళాలు చేతికొచ్చాయి. మా అత్తకూ ఒకటి వచ్చింది.

2009లో మళ్లీ ఎన్నికలు. నియోజకవర్గాల హద్దులు మారాయి. మాస్తర్ ఓడిపోయాడు. ఆ తర్వాత కూడా గెలవలేదు. ఇళ్ల పని మాత్రం ఆగలేదు. అసంఘటిత కార్మికుల కోసం 30,000 ఇళ్లతో తలపెట్టిన రేనగర్ కాలనీలో మొదటి 15,000 ఇళ్లు 2024 జనవరిలో అందాయి.

2009లో ఫలితం తెలిసిన రాత్రి ఫోన్ చేశాను. పాత వీధిలో మళ్లీ తిరిగావా అని అడిగాను. పదిహేను రోజులు బస్సెక్కి కుంభారి నుంచి వచ్చి పోయిందట. మరి నీ ఓటు అన్నాను.

"నా ఓటు కొత్తింటికాడికి పోయింది కదనే. ఈడ నాకు ఓటేడిది?" అంది. ఆకు తడపాలి అని ఫోన్ పెట్టేసింది.